సగం నైరుతి, సగం ఈశాన్యం

లండన్‌లో ఏడాది మొత్తం మీద కురిసే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. పాత ప్రకాశం జిల్లాలో కురిసేది సుమారు 870. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాస్తే పిల్లలు ఒక పట్టాన నమ్మరు. లండన్ అనగానే వాళ్లకు గొడుగులు గుర్తొస్తాయి. మా పొదిలి అనగానే వీధి మొగలో ట్యాంకరు, దాని చుట్టూ బిందెలు. "అంకెలు తారుమారుగా రాశారు టీచర్" అని ఎవరో ఒకరు లేచి అంటారు. తారుమారు కాలేదు. వాన మనకే ఎక్కువ కురుస్తుంది, కరువూ మనకే వస్తుంది. ఎందుకని ఆ రెండు అంకెల్ని అడిగితే జవాబు రాదు. ఆ వానను నెలలవారీగా విడగొట్టి, ఏ నెలకు ఆ నెల ఎండ ఎంతో పక్కన పెట్టి చూడాలి. అలా చూపించే బొమ్మనే క్లైమోగ్రాఫ్ అంటారు. నాకు సాంఘికశాస్త్రంలో ఇంతకంటే ఇష్టమైన బొమ్మ లేదు.

నేను పొదిలిలో సాంఘికశాస్త్రం చెప్తాను. పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే, పొగాకు, కంది, మిరప వేసే ఇంట్లో. కొన్నేళ్ల కిందటి దాకా పదో తరగతి పిల్లలు చదివిన రాష్ట్ర పాఠ్యపుస్తకంలో భారతదేశ శీతోష్ణస్థితి పాఠం ఉండేది. అందులో జైపూర్, లేహ్, ఢిల్లీ, చెన్నైల క్లైమోగ్రాఫ్‌లు ఇచ్చారు. మంచి ఎంపికే. ఎడారి అంచున ఒకటి, మంచుకొండల్లో ఒకటి, గంగా మైదానం పక్కన ఒకటి, సముద్రపు ఒడ్డున ఒకటి. కానీ మా బడి పిల్లల్లో లేహ్ చూసినవాళ్లెవరూ లేరు. ఎండ ఎలా ఉంటుందో, వాన ఎప్పుడొస్తుందో వాళ్ల ఒంటికి తెలిసిన ఊరు ఇదొక్కటే. అందుకని ముందు ఒంగోలు అంకెలతో మన ప్రాంతం బొమ్మ గీయిస్తాను, తరవాత బయటి ఊళ్లకు వెళ్తాం.

గీయడం తేలికే. గ్రాఫు కాగితం అడుగున జనవరి నుంచి డిసెంబరు దాకా పన్నెండు గళ్లు గీసుకోవాలి. ఎడమ పక్క నిలువు గీత మీద ఉష్ణోగ్రత డిగ్రీల్లో, కుడి పక్క నిలువు గీత మీద వర్షపాతం మిల్లీమీటర్లలో. ఒక్కో నెల వానకు ఒక నీలం కడ్డీ. ఒక్కో నెల సగటు ఉష్ణోగ్రతకు ఒక ఎర్ర చుక్క. చుక్కలన్నీ కలిపితే కడ్డీల మీదుగా ఒక ఎర్ర గీత పోతుంది. అంతే బొమ్మ.

ఆ అంకెలు ఏదో ఒక్క ఏడాదివి కావు. వరసగా ముప్పై ఏళ్ల లెక్కలు తీసి సగటు కడతారు. ప్రపంచమంతా ఇదే పద్ధతి. 1875లో మొదలైన మన వాతావరణ శాఖ ఇప్పుడు ఉష్ణోగ్రతలకు 1991 నుంచి 2020 దాకా లెక్కల సగటును వాడుతోంది. ఒక ఏడు తుపాను ముంచెత్తొచ్చు, ఒక ఏడు చుక్క పడకపోవచ్చు. ముప్పై ఏళ్లు కలిపితే ఆ ఊరి స్వభావం బయటపడుతుందని నమ్మకం.

మిల్లీమీటరు అంటే ఎంతో కూడా చెప్పుకోవాలి. వానను వేలితో కొలవడం తెలిసిన రైతుకు కూడా ఈ అంకె గాల్లో తేలినట్టే ఉంటుంది. ఒక మిల్లీమీటరు వాన పడిందంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు పడ్డట్టు. ఎకరానికి నాలుగు వేల లీటర్ల పైచిలుకు. మా ఊళ్లో ట్రాక్టరు వెనక వచ్చే ట్యాంకరుతో లెక్కేస్తే ఎకరానికి దాదాపు ఒక ట్యాంకరు. ఈ లెక్క చెప్పాక పిల్లలు 870 అనే అంకెను చూసే చూపే మారిపోతుంది. ఎకరానికి ఎనిమిది వందల డెబ్బై ట్యాంకర్లు మరి! అన్ని నీళ్లు పడితే ఎటు పోతున్నాయి అన్న ప్రశ్న వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

దగ్గరి ఊళ్ల బొమ్మలు చూద్దాం. హైదరాబాదులో ఏడాది వాన మనకు అటూ ఇటూగానే ఉంటుంది. అయితే అక్కడ జూన్‌లో కడ్డీలు లేచి, జూలై, ఆగస్టుల్లో బాగా ఎదిగి, అక్టోబరు తరవాత కూలబడతాయి. ఒకే గుట్ట. ఎర్ర గీత మేలో 33 డిగ్రీల దగ్గర ఉండి, నైరుతి రాగానే జూలై కల్లా 27 దాపునకు దిగిపోతుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా ఊరివాళ్లు జూలైలో సెలవు పెట్టి ఇంటికొస్తే "ఇక్కడింకా ఈ ఉక్కేంటి" అంటారు. నిజమే, ఒంగోలు గీత జూలైలో కూడా 31 దాపునే ఉంటుంది. మేలో ఎక్కిన ఎండ దిగదు. ఎండను దించేది వాన, ఆ వాన ఇంకా ఇక్కడికి సరిగా చేరలేదు. గీతా కడ్డీలూ కలిపి చదవాలని పిల్లలకు చెప్పేది ఇందుకే. కడ్డీ ఎందుకు పొట్టిగా ఉందో తెలిస్తే గీత ఎందుకు వంగలేదో తెలుస్తుంది.

బెంగళూరు బొమ్మ ఇంకో రకం. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు కాబట్టి ఎర్ర గీత మొత్తం మనకంటే కింద నడుస్తుంది. అక్కడ ఎండ ముదిరే నెల ఏప్రిల్. మేలో ఉరుముల వానలు పడి చల్లబరుస్తాయి. మనకు మే నెలాఖరున రోహిణి కార్తెలో రోళ్లు పగులుతుంటే అక్కడ సాయంత్రానికి రోడ్లు తడుస్తాయి. విశాఖపట్నంలో గీత మరీ మెత్తగా ఉంటుంది. జనవరికీ మేకీ మధ్య ఏడెనిమిది డిగ్రీల తేడా. ఢిల్లీలో అదే తేడా ఇరవై డిగ్రీల దాపు. సముద్రం పక్కనుంటే నీళ్లు ఎండను నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులుతాయి. భూమి మధ్యలో ఉంటే నేల త్వరగా కాగి త్వరగా ఆరుతుంది. అందుకే ఢిల్లీ గీత కొండలా లేస్తుంది, విశాఖ గీత ఇసుకతిన్నెలా సాగుతుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది మాత్రం విజయవాడ నుంచి చెన్నై పోయే రైలు దారి. దూరం 430 కిలోమీటర్లు, ఒక పూట ప్రయాణం. ఈ కాస్త దారిలో దేశంలోని రెండు రుతుపవనాలు ఒకదానికొకటి చోటిచ్చి తప్పుకుంటాయి. పాత ఉమ్మడి జిల్లాల సగటు అంకెలు వరసగా చూడండి. కృష్ణా జిల్లాలో నైరుతి కాలపు వాన, అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, దాదాపు 685 మిల్లీమీటర్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య కాలపు వాన దాదాపు 250. గుంటూరు జిల్లాకొస్తే నైరుతి 525కు తగ్గుతుంది, ఈశాన్యం 230 దగ్గర ఉంటుంది. ప్రకాశంలో నైరుతి 388, ఈశాన్యం 393. సరిగ్గా సగం సగం. నెల్లూరు దాటేసరికి తిరగబడుతుంది: నైరుతి 331, ఈశాన్యం 661. ఇక చెన్నైలో నవంబరు కడ్డీ ఒక్కటే మూడున్నర వందలు దాటి నిలబడుతుంది, జూన్ కడ్డీ దాని కాళ్ల దగ్గర ఉంటుంది.

అంటే దేశమంతా వానాకాలం అని ఏ నెలల్ని అంటుందో, రైలు ఒంగోలు దాటి దక్షిణానికి పోయేకొద్దీ అవి అసలు వానాకాలం కాకుండా పోతాయి. ఈ మార్పు జరిగే చోటే మేమున్నాం.

చరిత్ర కూడా ఈ లెక్కకు తోడొస్తుంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లా నుంచి వచ్చాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. మా పొదిలి, దర్శి, కనిగిరి, కందుకూరు నెల్లూరు నుంచి వచ్చాయి. ముగ్గురు తల్లుల బిడ్డ మా జిల్లా. కర్నూలు లెక్క చూస్తే నైరుతి 455, ఈశాన్యం 150. నెల్లూరుది దానికి పూర్తిగా ఎదురు. గుంటూరు ఆ రెంటికీ నడుమ. ఈ మూడింటి నుంచీ ముక్కలు తెచ్చి కుట్టిన జిల్లాకు చెరిసగం రావడం వింతేమీ కాదు. కచేరీలు సరిహద్దులు ఎన్నిసార్లు మార్చినా, 2022లో మళ్లీ జిల్లాలు విడదీసినా, ఆకాశం లెక్క ఆకాశానిదే.

ఈ చెరిసగానికి కారణం కొండలూ గాలులూ. నైరుతి గాలులు అరేబియా సముద్రం మీంచి తడి మోసుకొచ్చి పడమటి కనుమల దగ్గర చాలావరకు దించేస్తాయి. మిగిలిన దానితో దక్కన్ పీఠభూమి దాటాలి, ఆపైన నల్లమల, వెలిగొండలు ఎక్కి దిగాలి. మా వైపు దిగేసరికి అవి ఎండిన గాలులు. జూన్, జూలైల్లో పొదిలిలో దుమ్ము లేపే పడమటి గాలి అదే. రాష్ట్రమంతటా రుతుపవనాలు విస్తరించాయని టీవీలో చెప్తుంటారు, మా వీధిలో తలుపులు మాత్రం దుమ్ముకు మూసి ఉంటాయి. అక్టోబరులో గాలి తిరుగుతుంది. ఈసారి ఈశాన్యం నుంచి బంగాళాఖాతం మీదుగా వస్తుంది, దారిలో సముద్రపు తడి తాగుతుంది. అల్పపీడనాలూ వాయుగుండాలూ పుట్టేదీ అప్పుడే. తూర్పు తీరాన మనకూ సముద్రానికీ మధ్య అడ్డంపడే కొండలు లేవు. అందుకే మా బొమ్మలో అక్టోబరు కడ్డీ అన్నిటికంటే ఎత్తు.

ఇప్పుడు లండన్ సంగతి. వాన ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ నెల ఎండ ఎంత తాగేస్తుందన్నది కూడా చూడాలి. 1953లో బాన్యూల్, గోసెన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు దీనికొక తేలిక సూత్రం చెప్పారు. నెల సగటు ఉష్ణోగ్రతను రెండుతో హెచ్చించండి. ఆ నెల వాన మిల్లీమీటర్లలో అంతకంటే తక్కువైతే అది ఎండు నెల. ఎక్కువైతే తడి నెల. తరవాత హైన్రిష్ వాల్టర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఈ సూత్రాన్ని బొమ్మలోకే ఎక్కించాడు. ఎడమ పక్క 10 డిగ్రీలు ఏ ఎత్తున ఉంటాయో కుడి పక్క 20 మిల్లీమీటర్లు అదే ఎత్తున ఉండేలా కొలత పెట్టాడు. ఇక లెక్కలు చేయక్కర్లేదు. వాన ఎర్ర గీతను దాటితే తడి, దాటకపోతే కరువు. చూడగానే కంటికి దొరుకుతుంది.

ఈ కొలతతో గీసి చూడండి. లండన్‌లో ఎండాకాలం ముదిరేది జూలైలో, అప్పుడు కూడా సగటు 19 డిగ్రీల దాపే. రెండింతలు చేస్తే 38. అక్కడ జూలై వాన అంతకు మించే ఉంటుంది. పన్నెండు నెలల్లో ఏ నెలా ఎండు నెల కాదు. పడేది కొద్దికొద్దిగానే అయినా నెలనెలా పడుతుంది, పడ్డది నేలలో నిలుస్తుంది. మనకు జూన్ సగటు 32 డిగ్రీలు. రెండింతలు 64. జూన్ వాన అంతకు అందదు. రుతుపవనాలు వచ్చేశాయని పేపర్లు రాసే నెల కూడా మా బొమ్మలో ఎండు నెలే. జూలై నుంచి నవంబరు దాకా కడ్డీలు గీత పైకి వస్తాయి. డిసెంబరుకు మళ్లీ కిందికి దిగి, మిగతా నెలలన్నీ ఎర్ర గీత కిందే పడుంటాయి. ఎకరానికి 870 ట్యాంకర్లు ఏమయ్యాయంటే, కొంత భారీ వానల్లో వచ్చి వాగుల్లో పోయింది, ఇంకొంత ఎండ తాగింది. ఇది అర్థమయ్యాకే కంభం చెరువు ఎందుకంత పెద్దగా కట్టారో పిల్లలకు తెలుస్తుంది. విజయనగర రాజుల కాలంనాటి ఆ చెరువు రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంకట్ట వేసి కట్టింది. ఏడాది పొడవునా వాన పడే దేశంలో అలాంటి చెరువు ఎవరికీ అక్కర్లేదు. కొద్ది వారాల్లో వచ్చిపడే నీటిని మిగతా నెలలకు దాచుకోవలసిన చోట అది లేకపోతే బతుకు లేదు.

ఒంగోలుకు బదులు పొదిలి అంకెలే ఎందుకు వాడరని అడగొచ్చు. వాన లెక్క మాకు ఊళ్లోనే ఉంది. మండల కార్యాలయంలో వర్షమాపకం ఉంటుంది, పొద్దున ఎనిమిదిన్నరకు చూసి రాస్తారు. అప్పటికి గడిచిన ఇరవై నాలుగు గంటల్లో పడ్డదే ఆ రోజు లెక్క. రెండున్నర మిల్లీమీటర్లకు తక్కువ పడితే వాతావరణ శాఖ దాన్ని వాన రోజు కింద లెక్కెయ్యదు. ముప్పై ఏళ్ల ఉష్ణోగ్రతకు మాత్రం మాకు దగ్గర్లో ఉన్న పాత వాతావరణ కేంద్రం ఒంగోలుదే. యాభై కిలోమీటర్ల దూరం కాబట్టి తేడా ఉంటుంది. సముద్రపు గాలి ఒంగోలుకు అందినట్టు మాకు అందదు. మే మధ్యాహ్నాల్లో ఆ తేడా మా పిల్లలకు ఏ బొమ్మా చెప్పనక్కర్లేదు.

ఇక మనవాళ్లు స్థిరపడ్డ దేశాలకు వెళ్దాం. పశ్చిమ ప్రకాశంలో ఇప్పుడు ఏ ఊళ్లో చూసినా డాలస్‌లోనో, శాన్‌హోసేలోనో, మెల్‌బోర్న్‌లోనో ఒకరు లేని ఇల్లు తక్కువ. డాలస్‌లో ఏడాది వాన 940 మిల్లీమీటర్ల దాపు. మొత్తం చూస్తే మనకు దగ్గర్లోనే ఉంది, కడ్డీలు కూడా రెండు చోట్లే లేస్తాయి, మేలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. కానీ మధ్యలో ఏ నెలా ఖాళీగా ఉండదు. జూలై, ఆగస్టుల్లో ఎర్ర గీత 30 దాటి మన ఎండల్ని గుర్తుచేస్తుంది. జనవరిలో మాత్రం పది లోపుకు పడిపోతుంది. శాన్‌హోసేలో మొత్తం వాన 400 లోపే, అనంతపురం కంటే కూడా తక్కువ. అనంతపురం జిల్లా సగటు 552. పైగా ఆ వాన చలికాలంలో పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కడ్డీలు కనపడను కూడా కనపడవు. కాలిఫోర్నియా అడవులు ఎండాకాలం చివర ఎందుకు తగలబడతాయో ఆ బొమ్మలోనే ఉంది.

మెల్‌బోర్న్ బొమ్మ చూపిస్తే తరగతి మొత్తం ఒక్కసారి లేస్తుంది. ఎర్ర గీత నడిమధ్యలో లోపలికి కుంగి ఉంటుంది. జనవరిలో ఎండ, జూలైలో చలి. భూమధ్యరేఖకు దక్షిణాన కాలాలు తిరగబడతాయని పాఠంలో ఎన్నిసార్లు చదివినా రానిది ఆ గీత ఒంపు చూస్తే వస్తుంది. మా మేనకోడలు అక్కడే ఉంటుంది. "అత్తా, సంక్రాంతికి ఇక్కడ ఏసీ వేసుకున్నాం" అని ఫోనులో చెప్పిన మాట నేను ఏటా తరగతిలో వాడుకుంటాను. అక్కడి వాన మొత్తం 650 మిల్లీమీటర్ల దాపు, దాదాపు అన్ని నెలలకూ సమంగా పంచినట్టు పడుతుంది.

రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టినప్పుడు ఒక జాగ్రత్త ఉంది. కొలత ఒకటేనా కాదా ముందు చూడాలి. ముంబయిలో జూలై ఒక్క నెలలోనే ఎనిమిది వందల మిల్లీమీటర్ల పైన కురుస్తుంది. మన ఏడాది మొత్తానికి దగ్గర. ముంబయి కడ్డీ పట్టేలా కొలత పెట్టి అదే కాగితం మీద ఒంగోలు గీస్తే మన కడ్డీలు నేలకు అతుక్కుపోయి ఏమీ తెలియదు. పోనీ ఎవరి కొలత వాళ్లకు పెడితే రెండు ఊళ్లలోనూ ఒకే ఎత్తున వాన పడినట్టు కనపడి మోసపోతాం. వార్తల్లో, ఫోన్లలో వచ్చే ఏ గ్రాఫుకైనా ఇదే మాట. నేను పిల్లల చేత కుడి పక్క, ఎడమ పక్క అంకెలు పైకి చదివించాకే కడ్డీల జోలికి పోనిస్తాను.

బొమ్మ చదవడం వచ్చాక పంటలు దాని మీద పెట్టి చూస్తాం. మా పిల్లలకు నచ్చేది ఈ భాగమే, ఎందుకంటే ఇక్కడ వాళ్లకు నాకంటే ఎక్కువ తెలుసు. గుంటూరు నల్లరేగడిలో పత్తి విత్తనం జూన్, జూలై వానకే పడుతుంది. నైరుతి మీద నమ్మకం ఉన్న నేలలవి. కాయ పగిలే వేళకు అక్టోబరు వచ్చేస్తుంది. అప్పుడు ముసురు పట్టిందంటే పత్తి రంగు మారి ధర తెగిపోతుంది. మాకు మేలు చేసే వాన గుంటూరు పత్తిరైతుకు కీడు. ఒకే కడ్డీ, యాభై మైళ్ల తేడాలో రెండు అర్థాలు. మా తేలిక నేలల్లో పొగాకు నారు నాటేది అక్టోబరు, నవంబరు పదునులోనే. నాటు పడ్డాక పెద్ద వాన అక్కర్లేదు. నేలలో దాగిన తడితోనూ మంచుతోనూ ఆకు పెరుగుతుంది. జనవరి వచ్చేసరికి ఆకు కోసి బ్యారన్లలో క్యూరింగ్ మొదలవుతుంది, ఆ తరవాత పొదిలి వేలం కేంద్రం కళకళలాడుతుంది.

మిరపకు కావలసింది కడ్డీలు లేని నెలలు. జనవరి నుంచి మార్చి దాకా మా బొమ్మలో అడుగున సన్నటి గీతల్లా కనపడే ఆ మూడు నెలలే మిరపరైతు పొలంలో బంగారం పండించే నెలలు. కోసిన కాయను కళ్లంలో పల్చగా పరిచి, పొద్దున్నే తిరగేసి, సాయంత్రం కుప్ప చేసి, పట్ట కప్పి, మళ్లీ పొద్దున్నే విప్పి ఆరబోస్తారు. కాయ చేతిలోకి తీసుకుని ఊపితే లోపల గింజ గలగలలాడాలి. తొడిమ దగ్గర మెత్తదనం పోయి, తోలు గట్టిపడి, నలిపితే విరగాలి. ఆ రోజుల్లో ఒక్క జల్లు పడితే చాలు, కుప్ప లోపల ఆవిరి పట్టి బూజొస్తుంది, ఎర్రకాయ తెల్లబడి తాలు కింద పోతుంది. తాలుకు వచ్చే ధర వేరు. గుంటూరు మిర్చియార్డు దేశంలోనే పేరు మోసిందంటే నల్లరేగడీ రైతు చెమటా ఎంత కారణమో, ఈ ఖాళీ కడ్డీలూ అంతే కారణం. జనవరిలో కడ్డీ లేచే ఊళ్లో కళ్లంలో ఇంత మిరప ఆరబోయలేరు.

ఇవన్నీ గీసిన చార్టు ఒకటి ఇంటికి తీసుకెళ్లాను, మా నాన్నకు చూపిద్దామని. ఆయన చదువు ఐదో తరగతి. వాన లెక్క మాత్రం కార్తెల్లో చెప్తాడు. ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మన పన్నెండు నెలల బొమ్మకంటే రెట్టింపు సన్నగా కోసిన లెక్క అది. చార్టు చూసి ఆయన అన్న మొదటి మాట అదే. "అక్టోబరంతా ఒకే కడ్డీ గీస్తే ఎట్టమ్మా? చిత్తలో పడ్డదీ స్వాతిలో పడ్డదీ ఒకటేనా?" కాదు. చిత్తలో పడితే నారుకు పదును. స్వాతి చివర దాకా ఆగిపోతే నాట్లు వెనకబడతాయి. నెలసరి సగటులో ఆ తేడా కలిసిపోతుంది. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయని మిగతా తెలుగుదేశం ఎదురుచూసే చోట మా నాన్న చిత్త, స్వాతుల కోసం ఎందుకు ఎదురుచూస్తాడో ఆ చార్టు గీశాకే నాకు అంకెల్లో దొరికింది. ఆయనకు ఏనాడో తెలుసు.

రెండో మాట ఇంకా గట్టిది. "అది సరేగానీ అమ్మాయ్, ఇందులో పోయినేడు యాడుంది?"

లేదు. క్లైమోగ్రాఫులో పోయినేడు ఉండదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కాపు మీదున్న మిరప పడిపోయింది, నాటిన పొగాకు నీళ్లలో నిలిచింది, శనగ కుళ్లింది. డిసెంబరు కడ్డీ చూస్తే పొట్టిగా, ఎర్ర గీతకు కింద, ఎండు నెల లెక్కలో అమాయకంగా ఉంటుంది. ఒక ఏడు రెండు వందలు పడి, నాలుగేళ్లు ఏమీ పడకపోయినా సగటు నలభై అనే వస్తుంది. ఆ నలభై మిల్లీమీటర్ల డిసెంబరును ఏ రైతూ ఏనాడూ చూసి ఉండడు. సగటు వాన మీద అప్పు తెచ్చి పంట పెట్టలేం. ఈశాన్య వానల్లో ఈ ఎగుడుదిగుడు నైరుతి కంటే ఎక్కువ, ఎందుకంటే వాయుగుండం ఎటు తిరిగితే అటే వాన. మా జిల్లా సగం వానను అలాంటి కాలం చేతిలో పెట్టుకుని ఉంది. వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల్లోంచి కృష్ణ నీళ్లు ఎప్పుడొస్తాయని ఇక్కడి జనం ఇన్నేళ్లుగా అడుగుతున్నది ఈ కారణానికే. ఆ కోరికకు ఇంతకంటే న్యాయమైన ఆధారం నాకు తెలియదు.

నాన్న ప్రశ్న తరవాత మా తరగతిలో బొమ్మ గీసే పద్ధతి మార్చాం. సగటు కడ్డీ గీశాక, మండల వాన లెక్కల్లో దొరికిన ఒక్కో ఏడాదికీ ఒక్కో చుక్క అదే గడిలో పెడతాం. జూలై గడిలో చుక్కలు కడ్డీ తల చుట్టూ గుమిగూడతాయి. అక్టోబరు, నవంబరు గళ్లలో అడుగు నుంచి కాగితం పై అంచు దాకా చెల్లాచెదురుగా పడతాయి. సగటు ఎంత అని కాకుండా, ఎన్నేళ్లలో ఎన్నిసార్లు చుక్క ఎర్ర గీతను దాటింది అని పిల్లలు లెక్కపెడతారు. పదేళ్లలో ఎన్నిసార్లు గట్టెక్కొచ్చో ఆ లెక్క చెప్తుంది, అప్పు తెచ్చేవాడికి కావలసింది అదే.

ఆ కొత్త చార్టును నాన్న వాకిట్లో మంచం మీద పరుచుకుని చాలాసేపు చూశాడు. నవంబరు చుక్కల్ని వేలితో ఒక్కోటీ తడిమి, ఏది ఏ ఏడుదో నన్నడిగి, తనకు గుర్తున్న పంటతో సరిచూసుకున్నాడు. తరవాత మా తమ్ముణ్ణి పిలిచి ఈ ఏడు మిరప బోరు కిందున్న చెక్క వరకే వేద్దామని, మిగతా దానిలో కంది వేద్దామని చెప్పాడు. కంది విత్తనం తేవడానికి తమ్ముడు మర్నాడు పొదిలి వచ్చాడు.